తీగలేని డ్రిల్లుకు తీగ

పాలమర్రు ఏరియా ఆసుపత్రి ప్రసూతి వార్డులో నాలుగు బాత్‌రూములు ఉన్నాయి. నాలుగింటికీ తలుపులు ఉన్నాయి. ఒక్క తలుపుకీ గడియ లేదు. పాతవి తుప్పుపట్టి ఒకదాని వెనక ఒకటి ఊడిపోయాయి. వెంట మనిషి ఉన్న బాలింతలు ఆ మనిషిని తలుపు పట్టుకుని నిలబడమనేవారు. మనిషి లేనివాళ్ళు లోపల ఉన్నంతసేపూ దగ్గుతూ ఉండేవారు. కొత్తగా చేరినవాళ్ళు, ఈ వార్డులో ఇంతమందికి దగ్గు ఎందుకు పట్టుకుందా అని కంగారుపడి, రెండో రోజుకల్లా తామూ దగ్గడం నేర్చుకునేవారు.

ఈ సంగతి పట్టించుకున్న మనిషి నూకరత్నం. ఆమె ఆ ఆసుపత్రిలో మెయింటెనెన్స్ అటెండర్. అక్కడే మెకానిక్‌గా చేసిన భర్త గుండెపోటుతో పోతే, కారుణ్య నియామకం కింద ఆమెకు ఆ ఉద్యోగం వచ్చింది. చేరిన రోజున ఆఫీసులో మంచినీళ్ళు అందించమన్నారు. నీళ్ళు అందిస్తూనే ఆమె కారే కుళాయిలు ఆపింది, ఆగిన ఫ్యాన్లు తిప్పింది, మంచాలకు చక్రాలు వేసింది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆఫీసులో పని జరగడానికి ఇంతకన్నా మంచి పరిస్థితి ఉండదు.

గడియలు స్టోరులో ఉన్నాయి. వాటిని బిగించడమే కష్టం. తలుపులు చెక్కవే గాని చట్రాలు సిమెంటువి. డ్రిల్లు లేనిదే స్క్రూ దిగదు. పాత డ్రిల్లు కరెంటు తీగతో నడిచేది. బాత్‌రూముల దగ్గర ప్లగ్గు లేదు, నేల ఎప్పుడూ తడి. తడినేల మీద కరెంటు తీగ లాగి ప్రాణం మీదికి తెచ్చుకోనని నూకరత్నం ఖచ్చితంగా చెప్పి, బ్యాటరీతో నడిచే తీగలేని డ్రిల్లు కావాలని కాయితం పెట్టింది. రెండేళ్ళలో పదకొండు కాయితాలు పెట్టాక డ్రిల్లు వచ్చింది. దాంతోపాటు జిల్లా కేంద్రంలో ఆరు రోజుల శిక్షణ కూడా ఇప్పించారు.

అక్కడ నేర్పిన ముసలి మేస్త్రీ నాలుగు ముక్కలు చెప్పాడు. కన్నం తొలిచే బిట్టు మార్చే ముందు బ్యాటరీ ఊడదియ్యి. కళ్ళద్దాలు పెట్టుకో. కొంగూ గాజులూ గ్లవ్సూ దాని దగ్గరికి రానియ్యకు. గోడలో ఏముందో తెలుసుకోకుండా కన్నం పెట్టకు. నూకరత్నం నాలుగూ బుర్రలో పెట్టుకుని వచ్చింది.

"రేప్పొద్దున్నే మొదలెట్టేత్తానండి. మజ్జానానికి నాలుగు తలుపులూ అయిపోతాయి," అంది స్టోర్‌కీపర్ చిదంబరంతో.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది.

పక్క జిల్లాలో ఏదో ఆఫీసువాళ్ళు కొత్తగా వచ్చిన డ్రిల్లుకి పూజ చేసి, కొబ్బరికాయ కొట్టడానికి బదులు అదే డ్రిల్లుతో కాయకి కన్నం వెయ్యబోయారట. కాయ జారింది, ఒకాయన బొటనవేలు చీరుకుపోయింది. దాంతో పై ఆఫీసు మేలుకొని 'తీగరహిత విద్యుత్ పనిముట్ల సురక్షిత వినియోగము - మార్గదర్శకాలు' అని ముప్పై పేజీలు పంపింది. అందులో కొబ్బరికాయ ప్రస్తావన ఎక్కడా లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

సర్క్యులర్ అందుకున్నది ఆసుపత్రి పరిపాలనాధికారి పరాంకుశరావు గారు. ఆయన ఫైలు భాష తప్ప మాట్లాడరు. ఇంట్లో రెండోసారి కూర వడ్డించబోతే "పైన పేర్కొన్న కూర ఇక అవసరము లేదు" అంటారని చెప్పుకుంటారు. కమిటీ వెయ్యమని చెప్పే సర్క్యులర్ వచ్చి చాలాకాలమైంది. ఆ సాయంత్రం ఆయన మొహం వెలిగిపోయింది. తన అధ్యక్షతన, చిదంబరమూ ఆఫీసు గుమాస్తా సభ్యులుగా, ముగ్గురితో భద్రతా కమిటీ వేసి, మర్నాడు పొద్దున్నే నూకరత్నాన్ని పిలిపించారు.

"సదరు పనిముట్టు విషయమై స్పష్టమైన మార్గదర్శకాలు అందియున్నవి. పని అనుమతి పత్రము నింపి, కమిటీ ఆమోదము పొందిన పిమ్మట మాత్రమే దానిని ముట్టవలెను."

"అలాగేనండి. ఎంతసేపు పడతాదండి?"

"భద్రతకు కాలపరిమితి లేదు," అన్నారాయన.

పత్రంలో ఇరవై రెండు కాలమ్‌లు ఉన్నాయి. నూకరత్నం పదో తరగతి చదివింది. కుదురుగా నింపుకుంటూ వచ్చింది. ఆరో కాలమ్ దగ్గర ఆగింది. 'తీగ పొడవు, ప్రస్తుత స్థితి' అని ఉంది. పై ఆఫీసులో ఎవరో తీగ ఉన్న యంత్రాల పాత పత్రాన్నే తీసి, పైన పేరు మార్చి పంపేశారు. ఆమె కాసేపు ఆలోచించి, ఉన్న మాటే రాసింది: 'తీగ లేదు.'

మూడో రోజున మెమో వచ్చింది. ప్రభుత్వ యంత్రమునకు చెందిన తీగ లేదని నీవే లిఖితపూర్వకముగా అంగీకరించియున్నావు. సదరు తీగ ఎప్పుడు, ఎక్కడ, ఎవరి అజాగ్రత్త వలన పోయినదో సంజాయిషీ ఇవ్వవలెను.

నూకరత్నం మెమో పట్టుకుని పరుగున ఆఫీసుకి వెళ్ళింది.

"పోలేదండి బాబూ! దానికి ముందునించీ తీగ లేదండి. బ్యాటరీతో నడుత్తాదండి. ఆ యంత్రం పేరే తీగలేని డ్రిల్లండి."

"పేరు మూడో కాలమ్. తీగ ఆరో కాలమ్," అన్నారు పరాంకుశరావు గారు ఓపిగ్గా. "మూడో కాలమ్ చూపి ఆరో కాలమ్ నుండి తప్పించుకొనుట కుదరదు. ఏ కాలమ్‌నూ ఖాళీగా విడువరాదని అడుగున ముద్రితమై యున్నది."

"మరి లేని తీగ పొడుగు ఎంతని రాయనండి?"

ఆ ప్రశ్నకు కమిటీ రెండు సమావేశాలు పెట్టింది. చివరికి, ఆమె వితంతువనీ, ఇది మొదటి తప్పనీ పరిగణించి, చర్య తీసుకోకుండా విడిచిపెట్టారు. తీగ మాత్రం కొత్తది తెప్పించాలని తీర్మానించారు. చిదంబరం మూడు మీటర్ల నల్ల తీగ, చివర ప్లగ్గుతో సహా తెచ్చి, డ్రిల్లు పిడికి పురికొసతో గట్టిగా కట్టాడు. అది ఎందులోంచీ రాలేదు, ఎందులోకీ వెళ్ళలేదు. ఆరో కాలమ్‌లో 'మూడు మీటర్లు, బాగున్నది' అని రాశారు. కమిటీ ముగ్గురూ సంతకాలు చేశారు.

నూకరత్నం ఆ తీగ వేలాడే డ్రిల్లు చేత్తో పట్టుకుని వార్డువైపు నాలుగడుగులు వేసిందో లేదో వెనక నుంచి పరాంకుశరావు గారి కేక వినిపించింది.

"ఆగుము! పని స్థలము ఏది?"

"బాత్‌రూమండి."

"తడి ప్రదేశము. తీగ గల విద్యుత్ యంత్రము తడి ప్రదేశములో నిషిద్ధము. పంతొమ్మిదవ నిబంధన." ఆ నిబంధన తనకు తనే తట్టినందుకు ఆయన ఎంతో తృప్తిపడ్డారు.

"అందుకే కదండీ నేను తీగలేనిది అడిగాను!"

"నీ ముందుచూపు ప్రశంసనీయము. ఆ ముందుచూపునే కమిటీ అమలు చేయుచున్నది."

ఆ రాత్రి నూకరత్నానికి అన్నం సయించలేదు. పొద్దున్నే వార్డుకి వెళితే హెడ్ నర్సు ఎలిజబెత్తమ్మ, "డ్రిల్లు వచ్చిందన్నావు, ఏదమ్మా?" అని అడిగింది. వచ్చింది గాని దానికి తీగ మొలిచిందని చెప్పడానికి నూకరత్నం మొహమాటపడింది. నర్సుకి వింటే నవ్వొస్తుందనీ, తనకు చెబుతుంటే ఏడుపొస్తుందనీ ఆమెకు తెలుసు.

కమిటీ మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. యంత్రం పని దగ్గరికి వెళ్ళకూడదు కనక పనే యంత్రం దగ్గరికి రావాలని తేల్చింది. మీటింగు హాల్లో పసుపు రంగు గీతలు గీసి 'సురక్షిత కార్యక్షేత్రము' అని బోర్డు పెట్టారు. తలుపులు అక్కడికి తెప్పించాలి. తలుపులు ఊడదీయడానికి మామూలు స్క్రూడ్రైవర్ చాలు. దాని మీద సర్క్యులర్ ఏమీ లేదు. అందుచేత ఆ ఆసుపత్రి చరిత్రలో ఏ పనీ అంత వేగంగా జరగలేదు. బయటి కూలీలు నలుగురు వచ్చి గంటన్నరలో నాలుగు తలుపులూ ఊడదీసి స్ట్రెచర్ల మీద వేసుకుని తీసుకుపోయారు. కాలు విరిగి వచ్చిన ముసలాయన ఒకడు బల్ల మీద కూర్చుని, దుప్పటి కప్పి తీసుకెళుతున్న తలుపుని చూసి దణ్ణం పెట్టాడు.

గడియలు లేని బాత్‌రూములు ఇప్పుడు తలుపులు లేని బాత్‌రూములయ్యాయి.

నర్సు ఎలిజబెత్తమ్మ వాటికి దుప్పట్లు కట్టించింది. వరండాలో గాలి వీచినప్పుడల్లా దుప్పటి లేచిపోయేది. ఇదివరకు ఒక మనిషి తోడు ఉంటే సరిపోయేది, ఇప్పుడు రెండు కొసలూ పట్టుకోడానికి ఇద్దరు కావలసివచ్చింది. మంగతాయారు అని, పెద్దాపరేషన్ అయి నాలుగు రోజులైన పిల్ల ఒకామె ఉంది. ఆమెకు తల్లి వీరమ్మ ఒక్కతే తోడు. వీరమ్మ ఒక కొస చేత్తో పట్టుకుని, రెండో కొస కాలితో తొక్కి నిలబడేది.

మీటింగు హాల్లో పని మొదలైన రోజున కమిటీ అంతా కుర్చీలు వేయించుకుని కూర్చుంది. నూకరత్నం చీర మీద భర్త పాత చొక్కా వేసుకుని, కొంగు లోపలికి దోపి, గాజులు తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. పరాంకుశరావు గారు జాబితా తీశారు. జాబితా ప్రకారం ఆమెకు హెల్మెట్టు పెట్టారు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడిగారు. పని మూలంలో నీళ్ళకు సంబంధించినది కనక గోదావరి వరదలప్పుడు మిగిలిన లైఫ్ జాకెట్ కూడా వేశారు. చివరికి తోలు గ్లవ్స్ ఇచ్చారు.

"గ్లవ్స్ వద్దండి. తిరిగే బిట్టుకి గ్లవ్స్ చుట్టుకుంటే చెయ్యి లాగేత్తాదండి. మేస్త్రీ మరీమరీ చెప్పాడండి."

"మేస్త్రీ జాబితాలో లేడు. గ్లవ్స్ జాబితాలో ఉన్నవి."

"అయితే డ్రిల్లు తిప్పనండి," అంది నూకరత్నం. ఆ ఒక్క విషయంలో ఆమె ఎంతకీ దిగిరాలేదు. చివరికి గ్లవ్స్ ఆమె పక్కనే బల్ల మీద ఉంచితే 'అందుబాటులో ఉన్నట్లు' లెక్క అని సర్దుకున్నారు.

ఆమె బిట్టు మార్చడానికి బ్యాటరీ ఊడదీసింది. కమిటీలో కలకలం పుట్టింది. అనుమతి డ్రిల్లుకి ఇచ్చారు గాని విడిభాగాలుగా చేయడానికి ఇవ్వలేదు. అరగంట చర్చ నడిచింది. ఆ చర్చలో లేచి ఏదో పేజీ చూపించబోయిన చిదంబరం, నేల మీద పడివున్న నల్ల తీగకు కాలు తగిలి బోర్లాపడ్డాడు. చీలమండ వాచిపోయింది. ఇది ప్రమాదం కిందికి వస్తుందా అని గుమాస్తా అడిగితే, యంత్రము అప్పుడు తిరుగుటలేదు కనుక ఇది పనిముట్టు వలన జరిగినది కాదు, 'వ్యక్తిగత నడక లోపము' అని పరాంకుశరావు గారు రాయించారు.

ఎలాగో సాయంత్రానికి నాలుగు తలుపులకూ నాలుగు గడియలు బిగించింది నూకరత్నం. ఒక్కో తలుపుకి పది నిమిషాలు పట్టింది. మిగతా కాలం చర్చకు పట్టింది. హెల్మెట్టు తీసి చెమట తుడుచుకుంటూ అడిగింది.

"తలుపులకి అయిందండి. గడియ పోయి దూరే కన్నం చట్రానికి పెట్టాలండి. ఆ చట్రాలు బాత్‌రూములోనే ఉన్నాయండి."

"చట్రములు కూడా తెప్పించండి," అన్నారు పరాంకుశరావు గారు తల ఎత్తకుండానే.

"సిమెంటువండి. గోడలో కలిసిపోయున్నాయండి."

పరాంకుశరావు గారు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. తర్వాత మెల్లగా, "అట్లయిన గోడలను కార్యక్షేత్రములోనికి మార్చు సాధ్యాసాధ్యములపై ఇంజనీరింగ్ విభాగము వారి అభిప్రాయము కోరవలెను," అన్నారు. గుమాస్తా రాసుకున్నాడు. అభిప్రాయం వచ్చేదాకా తలుపులు హాల్లోనే ఉండాలి. సగం అయిన పని వాడుకలో పెట్టడం భద్రత కాదు.

ఆ వారం భద్రతా వారోత్సవాలు జరిగాయి. ముగ్గులు వేశారు, ప్రతిజ్ఞ చేశారు. డ్రిల్లుకి బంతిపూల దండ వేసి బల్ల మీద నిలబెట్టారు. మూడు నెలల్లో పనిముట్ల వల్ల ఒక్క ప్రమాదమూ జరగని ఏకైక ఆసుపత్రిగా పాలమర్రుకి జిల్లా షీల్డు ప్రకటించారు.

ప్రకటన వచ్చిన రోజునే మంగతాయారుకి జ్వరం వచ్చింది. ఎలిజబెత్తమ్మ పరీక్షల కాయితం చూసి నూకరత్నాన్ని వరండాలోకి పిలిచింది.

"ఈ పిల్ల మూడు రోజుల నుంచి నీళ్ళు తాగడం మానేసింది నూకరత్నం. తాగితే అక్కడికి వెళ్ళాలని భయం. ఒంటేలు బిగబట్టుకుని బిగబట్టుకుని ఇన్‌ఫెక్షన్ తెచ్చుకుంది. మందులిస్తాను. కానీ మందుతోపాటు ఏం చెప్పాలి? నీళ్ళు తాగమనేగా చెప్పాలి!"

నూకరత్నం లోపలికి వెళ్ళి చూసింది. మంగతాయారు కళ్ళు మూసుకుని పడుకుంది. పెదాలు ఎండిపోయి పగిలాయి. మంచం పక్కన స్టీలు గ్లాసులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. వీరమ్మ తలెత్తి, "ఒక్క గుక్క తాగమంటే తాగదమ్మా. ఆ దుప్పటి ఎగిరినప్పుడు ఎవరో మగోడు చూశాడని అప్పటినించీ ఇదే," అంది.

నూకరత్నానికి భర్త గుర్తొచ్చాడు. ఇదే ఆసుపత్రిలో పదిహేనేళ్ళు చేశాడు. ఒక్క పనికీ పత్రం నింపలేదు, ఒక్క గోరూ ఊడలేదు. నెల రోజులుగా తను చేసిందేమిటి? పత్రాలు నింపింది, బాత్‌రూములకు ఉన్న తలుపులు కూడా పోగొట్టింది. ఉద్యోగం పోతే ఏం చెయ్యాలన్న భయమూ ఉంది. ఆ గ్లాసుని మరోసారి చూసింది.

"రేపు ఆఫీసోళ్ళంతా షీల్డు కోసం ఎల్తన్నారు కదండీ," అంది నర్సుతో. "నాకో ఇద్దరు ఆయమ్మల్ని ఇవ్వండి."

మర్నాడు పది గంటలకు పరాంకుశరావు గారి కారు గేటు దాటింది. పదింబావుకి నూకరత్నం మీటింగు హాల్లో ఉంది. దండ తీసి పక్కన పెట్టింది. పురికొస విప్పి నల్ల తీగను చుట్ట చుట్టి కుర్చీ మీద పెట్టింది. డ్రిల్లు చేతిలో తేలిగ్గా, కావలసినంత బరువుగా అనిపించింది.

ఆయమ్మలూ ఎలిజబెత్తమ్మా కలిసి ఒక్కో తలుపూ మోసుకొచ్చారు. నూకరత్నం ముందు పసిపిల్లల ఉయ్యాలలు వార్డు ఆ చివరికి జరిపించింది, దుమ్ము రాకుండా. నేల తుడిపించి గోనెపట్టాలు పరిపించింది. స్విచ్చిబోర్డు నుంచి తీగ గోడలో ఎటు పోతోందో, కుళాయి గొట్టం ఎటు దిగుతోందో చూసుకుని, చట్రం మీద పెన్సిలుతో గుర్తు పెట్టింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. బిట్టు మార్చిన ప్రతిసారీ బ్యాటరీ తీసింది, పెట్టింది. చూడ్డానికి ఒక్క సంతకమూ లేదు గాని, సర్క్యులర్‌లో పనికొచ్చే ముక్కలన్నీ ఆ పూట జరిగాయి.

మొదటి తలుపు నిలబడి, గడియ కన్నంలోకి దూరినప్పుడు వార్డులో ఆడవాళ్ళంతా మంచాల మీద లేచి కూర్చున్నారు. వీరమ్మ కూతురి దగ్గరికి వెళ్ళి గ్లాసు నోటికి పెట్టింది. మంగతాయారు గ్లాసుడు నీళ్ళూ గడగడా తాగి, "ఇంకో గ్లాసు," అంది.

రెండున్నరకి నాలుగో తలుపు అయింది. నూకరత్నం ఎలిజబెత్తమ్మ తెచ్చిన టీ వరండా మెట్ల మీద కూర్చుని తాగింది.

షీల్డుతో తిరిగి వచ్చిన పరాంకుశరావు గారికి మర్నాడు పొద్దున ఖాళీ హాలు కనిపించింది. కుంటుతున్న చిదంబరంతోనూ గుమాస్తాతోనూ కలిసి కమిటీగా వార్డు మీదికి వచ్చారు. నాలుగు తలుపులూ మూసి ఉన్నాయి. నాలుగూ లోపల గడియ పెట్టి ఉన్నాయి. ఆయన మొదటి తలుపు తట్టారు.

"ఎవరయ్యా అది?" వీరమ్మ గొంతు లోపల నుంచి ఖంగుమంది. "ఆడోళ్ళ బాత్‌రూం తలుపు బాదుతున్నావు!"

"అనధికారిక గడియపై విచారణ నిమిత్తము..."

"నిమిత్తం తరవాత! ముందు అవతలికి నడు!"

వార్డంతా నవ్వింది. ఆసుపత్రిలో తలుపు బయట నిలబడి ఎదురుచూడడం పరాంకుశరావు గారికి అదే మొదటిసారి. పావుగంట నిలబడి, గడియలు గట్టిగా ఉన్నట్లు రాసుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి నూకరత్నానికి మెమో అందింది. అనుమతి లేకుండా బిగించిన నాలుగు గడియలనూ వెంటనే తొలగించవలెనని, తొలగించనిచో తీవ్ర చర్యలు తప్పవని.

నూకరత్నం మెమో రెండుసార్లు చదువుకుంది. నెల రోజులుగా ఇలాంటివి చదివి చదివి ఆమెకు ఆ భాష అబ్బింది. కాయితం తీసుకుని కూర్చుని, నిదానంగా రాసింది:

'తమరి ఆదేశము శిరసావహించుచున్నాను. గడియలు తొలగించుటకు సదరు డ్రిల్లునే వాడవలసి యున్నందున, తొలగింపు పనికి అనుమతి పత్రము ఇందుతో జతపరచడమైనది. పని స్థలము తడి ప్రదేశమగుటచే కమిటీ వారు సమావేశమై తగు నిర్ణయము తీసుకొన ప్రార్థన. అనుమతి వచ్చు వరకు గడియలు ఉన్నచోటనే సురక్షితముగా ఉండగలవని మనవి.'

పరాంకుశరావు గారు ఆ ఉత్తరమూ జత చేసిన పత్రమూ ఆసాంతం చదివారు. మళ్ళీ చదివారు. ఒక్క కాలమ్ ఖాళీగా లేదు, ఒక్క మాట తీసెయ్యడానికి లేదు. సర్వీసులో మొదటిసారి ఒక అటెండర్ నుంచి ఇంత పద్ధతైన దరఖాస్తు వచ్చినందుకు ఆయన మనసు కరిగింది. "చాలా బాగా రాసింది," అన్నారు గుమాస్తాతో. ఎడమ పక్క మార్జిన్‌లో 'పరిశీలనలో ఉంచుడు' అని చక్కటి దస్తూరీతో రాసి, ఫైలు కట్టి, గోడలు మార్చే ఫైలు కింద భద్రంగా పెట్టారు.